ఎస్టిమేటరు చేతిలో కెమెరా – లాలా దీన్ దయాళ్

స్వర్ణోత్సవ సంచికకు ఫొటోగ్రఫీ మీద ఒక వ్యాసం కావాలని సంఘం కార్యవర్గం అడిగింది. ఎందుకు అడిగారో మన వాట్సాప్ గ్రూపు చూసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అహోబిలం పోయినా, మహానంది పోయినా, ఆళ్లగడ్డలో ఎవరి గృహప్రవేశమైనా రోజుకు వంద బొమ్మలు వచ్చి పడుతున్నాయి. వాటిలో రెండోసారి తెరిచి చూసేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుడి తీస్తే గోపురం వెనక్కి వాలిపోతుంది. మనిషిని తీస్తే మొహం నల్లగా, వెనకాల ఆకాశం తెల్లగా వస్తుంది. బాగా రావాలంటే ఏం చేయాలో రాయమన్నారు.

చిట్కాలు పట్టీలాగా రాస్తే చదివిన సాయంత్రానికే మరిచిపోతాం. దానికి బదులు ఒక మనిషి జీవితం చెబుతాను. గుళ్లు, కోటలు, రాజులు, సిపాయిలు, పులివేటలు, అంతఃపురపు స్త్రీలు, కరువు పనులు అన్నీ ఒకే జన్మలో తీసినవాడాయన. ఒక్కో రకం బొమ్మ ఆయన్ని ఒక్కో విద్య నేర్చుకోమని బలవంతపెట్టింది. ఆయన పేరు హైదరాబాదు చరిత్ర చదివిన వాళ్లకు కొత్త కాదు: రాజా లాలా దీన్ దయాళ్. మనలో ఎక్కువమందికి తెలియనిది, ఆయన మొదట మా జాతివాడని. పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటులో ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్.

1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. చదివింది రూర్కీలో, థామ్సన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో. గంగా కాలువ తవ్వకానికి మనుషులు కావాలని 1847లో పెట్టిన కాలేజీ అది, ఇవాళ్టి ఐఐటీ రూర్కీ. కె.సి. కెనాల్ గట్టు మీద సర్వీసు మొదలుపెట్టిన నాబోటి వాడికి ఆ కాలేజీ పేరు వింటేనే చుట్టరికం కలిసినట్టు ఉంటుంది. 1866లో చదువు ముగించుకుని ఇండోర్‌లోని పి.డబ్ల్యు.డి. ఆఫీసులో చేరారు. పదవి హెడ్ ఎస్టిమేటరు.

ఎస్టిమేటరు పనేమిటో మన సంచిక చదివే అయ్యవార్లకు, డాక్టర్లకు, వ్యాపారస్తులకు ఒక్క మాటలో చెప్పాలి. ఇంకా కట్టని కట్టడాన్ని కాగితం మీద చూసి, ఎంత రాయి, ఎంత సున్నం, ఎన్ని కూలి దినాలు పడతాయో ముందే లెక్క తేల్చడం. అంటే లేనిదాన్ని కళ్లముందు నిలబెట్టుకుని కొలవడం. ఎం.బుక్కు రాసేవాడు ఒక గోడను చూస్తే గోడను చూడడు, పొడవు, వెడల్పు, ఎత్తు చూస్తాడు. ఎండ ఏ గోడ మీద ఎప్పుడు పడుతుందో కూడా వాడికి తెలుస్తుంది, ఎందుకంటే కూలీలు ఏ పక్కన ఎప్పుడు పనిచేయగలరో అదే నిర్ణయిస్తుంది. ఎనిమిదేళ్లపాటు దీన్ దయాళ్ ఈ పనే చేశారు. ఆయన ఫొటోలకు అసలు పాఠశాల ఇదేనని నా నమ్మకం. కళాకారుల గురించి రాసేవాళ్లు ఈ ఎనిమిదేళ్లను ఒక వాక్యంలో దాటేస్తారు. నాకది నచ్చదు.

1874 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో, ఆయన కెమెరా పట్టారు. ఉద్యోగం మానలేదు. జీతం జీతమే, ఫొటోలు తీరిక వేళల్లో. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావ్ హోల్కర్, మధ్య భారత ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన్ని ప్రోత్సహించారు. 1875–76లో వేల్స్ యువరాజు ఇండియా పర్యటనకు వచ్చినప్పుడు ఆ బొమ్మలు తీసే అవకాశం దక్కింది. మొదలుపెట్టిన రెండేళ్లలోపే! వయసు దాటిపోయిందని చెప్పే మన మిత్రులు ఈ తేదీలు ఒకసారి చూడాలి.

అప్పట్లో ఫొటో తీయడం అంటే ఏమిటో తెలిస్తే గాని ఆయన చేసింది అర్థం కాదు. అది తడి పలక కాలం. ఒక గాజుపలక తీసుకుని దాని మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పరచాలి. ఈథరు, ఆల్కహాలు కలిసిన ఘాటు వాసన. అది ఆరకముందే చీకట్లో వెండి లవణం నీళ్లలో ముంచాలి. తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, సెకన్ల తరబడి మూత తీసి ఉంచి, మళ్లీ చీకటి డేరాలోకి పరుగెత్తి కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పలక ఆరిందా, బొమ్మ పోయింది. మన ఎండల్లో ఏప్రిల్ నెలలో గాజుపలక మీద ద్రవం ఎంతసేపు తడిగా ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా ఎన్‌లార్జిమెంటు అలవాటు అప్పటికి లేదు. పన్నెండు అంగుళాల బొమ్మ కావాలంటే పన్నెండు అంగుళాల గాజే మోయాలి. పెట్టెలు, సీసాలు, డేరా, నీళ్ల కుండలు అన్నీ ఎడ్ల బండ్ల మీద.

ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఉన్నచోట ముందు తీసి తర్వాత చూద్దామనడం కుదరదు. కెమెరా పెట్టే చోటు ముందే తేల్చుకోవాలి. నల్లగుడ్డ కప్పుకుని గాజుతెర మీద తలకిందులుగా పడే బొమ్మను మూల మూలా చూడాలి. ఎండ ఎప్పుడు ఎటు తిరుగుతుందో లెక్కకట్టి అప్పటిదాకా కాచుకోవాలి. ఎస్టిమేటు వేయడం అలవాటైన మనిషికి ఇది కొత్త పని కాదు. మన ఫోనులో బొమ్మకు పైసా ఖర్చు లేదు కాబట్టే చూడకుండా తీస్తున్నాం. ఒక ఆదివారం మహానంది కోనేటి దగ్గర కూర్చుని, గంటలో పన్నెండు బొమ్మలకు మించి తీయనని ఒట్టు పెట్టుకుని చూడండి. నేను చేసి చూశాను. మొదటి అరగంట చేయి దురద పెడుతుంది. ఆ తర్వాతే నీళ్ల అడుగున రాళ్లు ఏ కోణం నుంచి కనిపిస్తాయో, ఏ కోణం నుంచి ఆకాశం మెరుపు కప్పేస్తుందో కంటికి తెలుస్తుంది.

ఆయన్ని గొప్ప ఫొటోగ్రాఫరుగా నిలబెట్టింది కట్టడాల బొమ్మలు. 1880ల మొదట్లో డేలీ తర్వాత ఏజెంటుగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట ఆయన బుందేల్‌ఖండ్ తిరిగారు. గ్వాలియర్ కోట, ఖజురహో గుళ్లు, సాంచీ స్తూపం, ఓర్ఛా, దతియా భవనాలు తీశారు. ఆ బొమ్మల్లో ఎనభైకి పైగా ఎంచి 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల పుస్తకం వేశారు. పుస్తకం పేరెత్తితే గ్రిఫిన్ పేరు చెబుతారు గాని, ఇవాళ దాన్ని తెరిచేవాళ్లందరూ బొమ్మల కోసమే తెరుస్తారు.

ఆ బొమ్మల్లో మూడు విషయాలు ఎవరైనా పట్టుకోవచ్చు. మొదటిది, నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. గోపురం పైకప్పు అందడం లేదని మనం ఫోను వెనక్కి వంచుతాం, వెంటనే గోపురం వెనక్కి పడుతున్నట్టు వస్తుంది. ఆయన కెమెరాను లెవెల్ తప్పకుండా నిలబెట్టి, కటకం ఉన్న ముందుపలకను మాత్రం పైకి జరిపేవారు. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో ఆ సదుపాయం ఉండేది. మనకు అది లేదు గాని కాళ్లు ఉన్నాయి. వెనక్కి నడవాలి, లేదా ఎదురుగా ఉన్న మిద్దె ఎక్కాలి. సర్వే చేసేటప్పుడు లెవెల్ బుడగ మధ్యకు రానిదే రీడింగు రాయం గదా, ఫొటోకూ అంతే.

రెండోది, కొలత. పెద్ద ద్వారం పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు, లేదా మెట్ల మీద ఒకరు కూర్చుని ఉంటారు. ఆ మనిషి వల్లే ద్వారం ఎంత ఎత్తో తెలుస్తుంది. మా శాఖలో బిల్లులతో పాటు సైటు ఫొటోలు జత చేస్తారు. గండి ఎంత లోతో చెప్పడానికి స్టాఫ్ పట్టుకున్న మనిషి లేకపోతే ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు. దీన్ దయాళ్ ఆ అలవాటును అందంగా మార్చారు. కొలబద్దగా నిలబెట్టిన మనిషి కొలబద్దలా కనిపించడు, ఆ ఊరివాడిలాగే కనిపిస్తాడు.

మూడోది వెలుగు, అసలు కిటుకు ఇదే. రాతి మీద చెక్కిన బొమ్మను నడినెత్తిన ఎండలో తీస్తే చదునుగా వస్తుంది. ఏటవాలు ఎండ పక్కనుంచి గోకినట్టు పడితేనే ఉలి దెబ్బ లోతు తెలుస్తుంది. ఈ సంగతి ఆళ్లగడ్డ వాళ్లకు నేను చెప్పడం తాతకు దగ్గు నేర్పడమే. మెయిన్ రోడ్డు వెంబడి శిల్పుల షెడ్ల ముందు వరుసగా నిలబెట్టిన విగ్రహాలను పొద్దున ఏడు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి చూడండి. పొద్దున చూసిన వినాయకుడి తొండం మీద మడతలన్నీ లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నం అదే విగ్రహం పిండిముద్ద. శిల్పి కూడా చెక్కేటప్పుడు రాతిని వెలుగుకు అడ్డంగా తిప్పుకునేది అందుకే. ఖజురహో గోడలను దీన్ దయాళ్ ఏ వేళ తీశారో ఆ నీడలే చెబుతాయి. బొమ్మ తీయడానికి ఒక వేళ ఉంటుంది, ఆ వేళ మన బస్సు టైముకు సర్దుకోదు.

ఆ రోజుల్లోనే పొడి పలకలు బజారులోకి వచ్చాయి. ముందే తయారుచేసి డబ్బాల్లో అమ్మే గాజులు. డేరా అక్కర్లేదు, వెంటనే కడగాల్సిన పని లేదు, సెకనులో కొంత భాగం చాలు. పాత విద్యలో చేయి తిరిగినవాళ్లు కొందరు కొత్తదాన్ని నమ్మలేదు. దీన్ దయాళ్ వెంటనే అందుకున్నారు. అందువల్లే కదిలేవాటి జోలికి పోగలిగారు: సైనిక విన్యాసాలు, గుర్రాలు, ఊరేగింపులు. కదిలేదాన్ని తీయడంలో ఉపాయం వేగంగా నొక్కడం కాదు. అది ఎక్కడికి వస్తుందో ముందే తెలుసుకుని అక్కడ కాచుకోవడం. సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరి ఊరూరా తిరిగేటప్పుడు పల్లకి వెంట ఫోను పట్టుకుని పరుగెత్తేవాళ్లకు వీపులే వస్తాయి. పల్లకి ఏ సందు మలుపు తిరగాలో ఊళ్లో పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. ఆ మలుపులో ముందే నిలబడితే స్వామి ఎదురొస్తాడు.

1880ల నడుమ ఆయన జీవితం మలుపు తిరిగింది. ఆఫీసు నుంచి దీర్ఘ సెలవు పెట్టి, చివరకు ఉద్యోగమే వదిలేశారు. 1885లో వైస్రాయికి ఫొటోగ్రాఫరుగా నియామకం వచ్చింది. ఆరో నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పెట్టుకున్నారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. అప్పటికి నలభై రెండేళ్లు. పింఛను వచ్చే సర్కారు కొలువు వదిలి, గాజుపలకల వ్యాపారం. ఇంట్లోవాళ్లు ఏమన్నారో గాని, మా కాలంలో ఎవరన్నా ఆ పని చేసుంటే నంద్యాల అంతా నవ్వి ఉండేది.

సికింద్రాబాదును ఎంచుకోవడం ఊరికే జరగలేదు. ఒకవైపు కంటోన్మెంటు, తెల్ల దొరలు, రెజిమెంట్లు, పోలో జట్లు. ఇంకోవైపు నిజాము దర్బారు, నవాబులు, జాగీర్దార్లు. ఇద్దరికీ ఫొటోలు కావాలి. మన ప్రాంతం అప్పటికి మద్రాసు రాజధానిలో ఉంది, తుంగభద్ర అవతల ఆలంపురం నిజాం ఇలాకా. ఆ సరిహద్దుకు అటుపక్క ఇరవై ఏళ్లపాటు జరిగిన ప్రతి పెద్ద ముచ్చటా ఆయన కెమెరా ముందే జరిగిందని చెప్పవచ్చు.

స్టూడియోలో ఆయన నేర్చుకున్నది పూర్తిగా వేరే విద్య. కట్టడం కదలదు, సిగ్గుపడదు. మనిషి రెండూ చేస్తాడు. కరెంటు దీపాలు లేని ఆ కాలపు స్టూడియోలకు ఒక పక్క, పైకప్పు కొంత అద్దాలతో ఉండేవి. ఎండ నేరుగా పడకుండా ఉత్తరపు వెలుగు రానిచ్చి, తెరలతో తగ్గించి పెంచేవారు. మొహంలో ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప మీద పల్చని నీడ. అంతే, మొహానికి ఆకారం వస్తుంది. మన ఇంట్లో ఉత్తరం కిటికీ పక్కన అవ్వను కూర్చోబెట్టి, ట్యూబులైటు ఆపేసి తీయండి. ఫ్లాషు వేసి తీసిన బొమ్మతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. మొహం కదలకుండా తల వెనక ఇనప ఊత పెట్టే రోజులవి. అయినా ఆయన తీసిన నవాబుల చేతులు చూడాలి. ఒక చెయ్యి కత్తి పిడి మీద, ఒకటి కుర్చీ చేతి మీద తేలికగా. చేతులకు పని చెబితే మొహం దానంతటది సర్దుకుంటుందని ఆయనకు తెలుసు. మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు గడ్డం ఎత్తమంటారు, నవ్వమంటారు. చేతుల సంగతి ఎవరూ చెప్పరు.

1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో పెట్టారు, జనానా స్టూడియో. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగవాడన్నవాడు లేడు. ఫొటోలు తీసే బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితది. అంతకుముందు పరదా చాటున ఉండిపోయిన స్త్రీలు తమ మొహం తాము కాగితం మీద చూసుకోగలిగారు. తాను తీయకూడని బొమ్మ ఒకటి ఉందని ఒప్పుకుని, తీయగలిగిన మనిషికి అప్పగించడం చిన్న విషయం కాదు. ఎదుటివాళ్లకు ఇబ్బందిగా ఉన్నప్పుడు ఎంత మంచి కెమెరా ఉన్నా బొమ్మ రాదు. రథోత్సవాల్లో తలనీలాలు ఇచ్చి వస్తున్న ఆడవాళ్ల మొహం మీద ఫోను పెట్టే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ ఎత్తైన గోడలు గుర్తొస్తాయి.

బిరుదులు, గౌరవాలు చాలా వచ్చాయి. విక్టోరియా రాణి ఫొటోగ్రాఫరన్న హోదా, 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో చోటు, 1896లో బొంబాయిలో మరో పెద్ద స్టూడియో. నిజాము ఆయన్ని మెచ్చుకుంటూ ఉర్దూలో ఒక ద్విపద కూడా కట్టారని ప్రతీతి. రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అని బిరుదిచ్చారు. ముసవ్విర్ అంటే ఉర్దూలో చిత్రకారుడు. ఎస్టిమేటరు చిత్రకారుడయ్యాడు.

అంతఃపురాల లోపలి బొమ్మలు ఆయన పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం. చౌమహల్లా, ఫలక్‌నుమా హాళ్లు. అద్దాలు, షాండిలియర్లు, నునుపు నేల. కిటికీ దగ్గర కళ్లు చెదిరే వెలుగు, మూలల్లో చీకటి. రెండూ ఒకే పలక మీద నిలవాలంటే చాలాసేపు మూత తీసి ఉంచాలి, ఎక్కడి నుంచి ఎంత వెలుగు వస్తుందో తూకం వేయాలి. బెలుం గుహల్లో తీసినవాళ్లకు ఆ కష్టం కొంత తెలుసు. అక్కడ దీపాన్ని కెమెరాకు ఎదురుగా పెట్టుకోకుండా, ఏదైనా రాతి మలుపు వెనక దాచి, ఫోనును కడ్డీకి ఆనించి ఊపిరి బిగబట్టి తీస్తే గుహ లోతు వస్తుంది. చేత్తో తీస్తే మసక తప్పదు.

ఇప్పుడు చెప్పబోయేది చిట్కా కాదు. ఆయన్ని ఎంత మెచ్చుకున్నా దాటిపోలేని విషయం.

1902 ఏప్రిల్లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటకు వచ్చారు. చచ్చిన పులితో వాళ్లిద్దరి ఫొటో ఆ కాలపు ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి, తీసింది దీన్ దయాళ్ సంస్థే. సరిగ్గా దానికి రెండు మూడేళ్ల ముందే నిజాం రాజ్యంలో పెద్ద కరువు. ఔరంగాబాదు వైపు కరువు పనుల బొమ్మలు కూడా ఆయన సంస్థే తీసింది. సర్కారు సహాయం ఎలా జరుగుతుందో చూపడానికి తీసిన బొమ్మలవి. వరుసలు తీరి కూర్చున్న జనం, పనులు, పర్యవేక్షించే అధికారులు. అంతా క్రమంగా ఉంటుంది. ఎస్టిమేటరు కన్ను అక్కడా తప్పు చేయలేదు. నిలువు గీతలు నిలువుగానే ఉన్నాయి.

దీనికి పాతికేళ్ల వెనక మన సీమలో ధాత కరువు వచ్చింది, 1876–78. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఎంత దెబ్బతిన్నాయో మన ముసలివాళ్ల ముసలివాళ్లు చెప్పిన కథల్లో ఉంది. ఆ కరువును మద్రాసు సైన్యంలోని డబ్ల్యు.డబ్ల్యు. హూపర్ అనే అధికారి ఫొటోలు తీశాడు. అస్థిపంజరాల్లాంటి మనుషులను కెమెరా ముందు గుంపులుగా కూర్చోబెట్టి తీసినవి. బొమ్మ తీసి వాళ్ల మానాన వాళ్లను వదిలేశాడని అతని మీద నింద ఉంది. ఆ చిత్రాలు చూస్తే రాత్రి నిద్ర పట్టదు. దీన్ దయాళ్ కరువు చిత్రాలు చూస్తే నిద్ర పడుతుంది. ఏది ఎక్కువ తప్పు?

చాలాకాలం నేను హూపర్‌దే తప్పనుకునేవాణ్ని. ఇప్పుడు అంత సులువుగా తేల్చలేను. హూపర్ చేసింది క్రూరమే, అయినా ఆ మనుషులు అలా ఉన్నారన్న సాక్ష్యం మనకు మిగిలింది. దీన్ దయాళ్ మర్యాద తప్పలేదు, కానీ డబ్బు ఇచ్చినవాడు చూపించమన్నంతవరకే చూపించారు. పోషకుల మీద బతికే మనిషికి మరో దారి ఉందా అంటే, బహుశా లేదు. చట్రంలోకి ఏం రానిచ్చాం అన్నదాంతో పాటు ఏం బయట పెట్టాం అన్నది కూడా ఫొటోగ్రాఫరు లెక్కలోకి వస్తుంది. ఈ లెక్క మాత్రం రూర్కీలో నేర్పినట్టు లేదు. మా శాఖలో కూడా నేర్పలేదు. పూర్తయిన తూము ఫొటో ఫైలులో ఉంటుంది, తూము కింద మునిగిన చేను ఫొటో ఉండదు.

చివరి ఏళ్లు బాధతో గడిచాయి. 1903 ఢిల్లీ దర్బారు వేడుకలు చిత్రించిన మరుసటేడే, 1904లో, కొడుకు ధరమ్‌చంద్ పోయాడు. ఆ మరుసటి ఏడాది, 1905 జులై 5న, బొంబాయిలో దీన్ దయాళ్ కన్నుమూశారు. అరవై ఒక్క ఏళ్లు. ఇంకో కొడుకు జ్ఞాన్‌చంద్ సికింద్రాబాదు స్టూడియో నడిపించాడు గాని పాత వైభవం రాలేదు. చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చాయి, ఎవరి ఫొటో వాళ్లే తీసుకునే రోజులు మొదలయ్యాయి.

గాజు నెగటివులు మాత్రం కుటుంబం దగ్గర మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగటివులను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట అయిదు రూపాయల బిళ్ల వేసింది. వందేళ్ల తర్వాత కూడా ఆ గాజుల్లో చాలావాటిలో ఎవరున్నారో, ఏ చోటో మనం చెప్పగలుగుతున్నాం. కారణం ఆయన బొమ్మల మీద నంబరు, కింద శీర్షిక వేసే అలవాటు. ఇది కళ కాదు, ఆఫీసు గుమాస్తా పని. డ్రాయింగుకు నంబరు లేకపోతే అది చిత్తు కాగితమని నేర్పిన ఆఫీసులో పనిచేసిన మనిషి కాబట్టే అలా జరిగిందని నేననుకుంటాను.

మన సంఘం బీరువాలో ఒక అట్టపెట్టె నిండా పాత గ్రూపు ఫొటోలున్నాయి. బ్యాచ్‌లు, ఎన్.సి.సి., కబడ్డీ జట్లు, అయ్యవార్ల వీడ్కోలు సభలు. చాలావాటి వెనక ఏమీ రాసి లేదు. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న అయ్యవార్లను గుర్తుపట్టగలిగినవాళ్లు ఇప్పటికే కొందరు మన మధ్య లేరు. స్వర్ణోత్సవం రెండు రోజులూ ఆ పెట్టెను మీటింగు హాలు పక్క గదిలో బల్ల మీద పరిచి పెడుతున్నాం. ప్రతి ఫొటోకు నంబరు వేశాం, పక్కన ఒక రిజిస్టరు ఉంటుంది. మీకు తెలిసిన మొహం కనిపిస్తే ఆ నంబరు కింద ఎడమ నుంచి ఎన్నోవారో, పేరేమిటో, ఏ సంవత్సరమో రాయండి. ఫొటో వెనక రాయాలనుకుంటే పెన్సిలుతోనే, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకు దిగుతుంది. ఆళ్లగడ్డ నుంచి వచ్చే పెద్ద అయ్యవార్లను ఎవరైనా కారులో తీసుకురాగలిగితే మొదటి రోజు పొద్దున్నే తీసుకురండి. ఆ గదికి తూర్పున కిటికీ ఉంది, పది గంటల వరకు వెలుగు బాగుంటుంది.